ఒడియా బడికి వెళ్లే పిల్లలకు తెలుగు కథ చెప్పడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం లాంటి ఊళ్లలో తెలుగు ఇళ్ల పిల్లలకు తెలుగు బాగానే అర్థమవుతుంది. మాట్లాడమంటే మాత్రం రెండు ముక్కలకు మించి రాదు. ఎందుకో తెలియాలంటే నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా మీరు పిల్లలతో అన్న మాటలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. లే, పళ్లు తోముకో, తిను, బ్యాగు సర్దుకో, ఫోను పక్కన పెట్టు, పడుకో. అన్నీ ఆజ్ఞలే. వాటికి 'ఊఁ', 'వద్దు', 'తర్వాత' అని జవాబిస్తే సరిపోతుంది. జరిగినదాన్ని వరసగా చెప్పడం, ఒకరన్న మాట ఇంకొకరికి చేరవేయడం, 'ఇలా చేస్తే అలా అవుతుంది' అని కారణం చూపించడం, ఇవన్నీ బడిలో ఒడియాలోనే జరిగిపోతున్నాయి. ఇంట్లో తెలుగుకు ఆ పనులు పడటం లేదు.

కథ ఆ పనులన్నీ తెలుగుతో చేయిస్తుంది. పైగా వినేవాళ్లకు పాఠం చెబుతున్నారన్న అనుమానం రాదు. అందుకే అక్షరాల పుస్తకం కన్నా ముందు కథ మొదలుపెట్టమంటున్నాం. రోజుకు పది నిమిషాలు చాలు, కానీ ఆ పది నిమిషాలకూ ఒక పద్ధతి ఉంది.

1. ఒక్క కథ ఎంచుకోండి

పదేసి కథలు పోగేసుకుని కూర్చోవద్దు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు మొదటి కథగా ఏడు చేపల కథను మించింది లేదు. మీకు వచ్చిన కథే కాబట్టి తేలికని ఈ మాట అనడం లేదు. దాని కట్టడం అలాంటిది. ఎముకల గూడు ఇదీ:

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు. ఏడుగురూ వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు. ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. చేపా చేపా, ఎందుకు ఎండలేదు? గడ్డికుప్ప అడ్డమొచ్చింది. గడ్డికుప్పా, ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మెయ్యలేదు. ఆవూ, ఎందుకు మెయ్యలేదు? పాలేరు మేపలేదు. పాలేరూ, ఎందుకు మేపలేదు? అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వా, ఎందుకు పెట్టలేదు? పిల్లాడు ఏడ్చాడు. పిల్లాడా, ఎందుకు ఏడ్చావు? చీమ కుట్టింది. చీమా, ఎందుకు కుట్టావు? నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?

చేప, గడ్డికుప్ప, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ: ఏడుగురు. కొడుకులు ఏడుగురు, చేపలు ఏడు, ప్రశ్నలూ ఏడే. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే ఒక చెయ్యీ, ఇంకో రెండు వేళ్లూ. మతిమరుపుకు తావుండదు. ప్రతి ప్రశ్నా 'ఎందుకు' తోనే వస్తుంది, జవాబు రెండు మూడు మాటల్లో ముగుస్తుంది. 'మెయ్యలేదు', 'మేపలేదు' పక్కపక్కనే వినిపిస్తాయి. ఆవు చేసే పనికీ, ఆవు చేత చేయించే పనికీ తేడా ఏ వ్యాకరణమూ లేకుండా చెవికి పట్టుబడుతుంది. చివరి మాటలో 'పెడితే' ఉంది, 'కుట్టనా' ఉంది. నాలుగేళ్ల పిల్లాడి నోట 'పెడితే కుట్టనా' అన్న వాక్యం పలికించగల పాఠ్యపుస్తకం ఉందా?

మీ ఇంట్లో పాలేరును కంబారి అంటే కంబారి అనే చెప్పండి, పిల్లాణ్ని గుంటడు అంటే గుంటడు అనే చెప్పండి. కథ చెప్పేటప్పుడు పుస్తకం తెలుగు తెచ్చిపెట్టుకోవద్దు. పిల్లలు అమ్మానాన్నల నోట రోజూ వినే యాసలోనే కథ నడవాలి, లేకపోతే 'ఇది వేరే భాష' అని వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

2. మాటలు కాదు, మెట్లు నేర్చుకోండి

కథను బట్టీ పడితే ఒక్క మాట జారినా ఆగిపోతారు. కాగితం మీద ఏడు పేర్లు నిలువుగా రాసుకోండి, పక్కన ఒక్కో జవాబు. రెండుసార్లు పైకి చెప్పుకోండి, తర్వాత కాగితం పక్కన పడేయండి. మారకూడనివి మూడే: మొదటి వాక్యం, ప్రశ్న వేసే తీరు, చీమ జవాబు. ఈ మూడూ ప్రతి రాత్రీ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా రావాలి. మధ్యలో చేప ఎంత పెద్దదో, ఆవు తెల్లదో కర్రిదో మీ ఇష్టం. కాకపోతే ఒకసారి కర్రావు అన్నాక రేపు తెల్లావు అంటే పిల్లలు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడం మంచిదే, విన్నారన్నమాట.

గడ్డికుప్ప, పాలేరు, పుట్ట: ఈ మూడు మాటలూ బరంపురం ఫ్లాట్లలో పెరిగే పిల్లలకు తెలియవు. కథ మధ్యలో ఆగి ఒడియాలో అర్థం చెప్పవద్దు. అలా చెప్పిన మరుక్షణం తెలుగు మాట అనవసరమైపోతుంది, పిల్లలు రెండోదాన్నే పట్టుకుంటారు. కథకు ముందు రోజు పగలు ఏదో దారిలో గడ్డికుప్ప చూపించి 'అదిగో గడ్డికుప్ప' అనండి. ఊరి బయట పుట్ట కనబడితే ఆగండి. పాలేరు మాటకైతే కథలోనే ఒక చిన్న తోక తగిలించండి: 'పాలేరు, అంటే రాజుగారి ఆవుల్ని తోలుకెళ్లే మనిషి'. అలా తెలుగు మాటకు తెలుగులోనే అర్థం దొరుకుతుంది.

3. నాలుగు రాత్రులు, ఒకే కథ

మొదటి రాత్రి పూర్తిగా మీరే చెప్పండి. దీపం తగ్గించండి, టీవీ కట్టేయండి, ఫోను వేరే గదిలో పెట్టండి. పిల్లల కళ్ల ఎత్తుకు మీ మొహం రావాలి, కాబట్టి మంచం మీదో చాప మీదో పక్కనే కూర్చోండి. మొత్తం అయిదు నుంచి ఏడు నిమిషాలు. ఏడుగురికీ ఏడు గొంతులు పెట్టాలని తంటాలు పడకండి, మూడో గొంతుకే మీకే గందరగోళమవుతుంది. వేగం మార్చండి, చాలు. చేప నీరసంగా, నెమ్మదిగా మాట్లాడుతుంది. అవ్వ కాస్త విసుక్కుంటుంది. పిల్లాడు వెక్కుతూ చెబుతాడు. 'చీమా చీమా, ఎందుకు కుట్టావు?' అని అడిగాక వెంటనే జవాబు చెప్పవద్దు. మనసులో ఒకటి, రెండు అనుకుని, అప్పుడు గబగబా చీమ మాట అనేసి చెయ్యి మీద చిన్నగా గిల్లండి. ఆ రెండు అంకెల నిశ్శబ్దంలోనే కథంతా ఉంది. అది లేకుండా ఎంత బాగా చెప్పినా చీమ కుట్టదు.

రెండో రాత్రి ఖాళీలు వదలండి. 'గడ్డికుప్పా, ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు...' అని ఆగి చూడండి. 'మెయ్యలేదు' అని వస్తే సరే. రాకపోతే నవ్వుతూ మీరే పూర్తి చేసి ముందుకెళ్లండి. పరీక్ష పెడుతున్నట్లు ఎదురుచూస్తే కథ అక్కడే చచ్చిపోతుంది. మూడో రాత్రి చీమ మాట పూర్తిగా వాళ్లకే ఇచ్చేయండి, మిమ్మల్ని గిల్లే హక్కు కూడా. నాలుగో రాత్రి వాళ్లు చెబుతారు, మీరు ఊఁ కొడతారు.

ఈ ఊఁ కొట్టడం చిన్న విషయం కాదు. బుర్రకథలో కథకుడికి ఇటూ అటూ ఇద్దరు వంతలు ఉండేది ఇందుకే. ఒకరు హాస్యానికి, ఒకరు లోకం సంగతులు ముడిపెట్టడానికి, ఇద్దరూ కలిసి 'తందాన తాన' అని కథను ముందుకు తోయడానికి. ఎదుట పలికే గొంతు లేకపోతే ఎంత గట్టి కథకుడైనా తొందరపడి ముగించేస్తాడు. ఇంట్లో వంత మీరే. పిల్లలు చెబుతున్నప్పుడు ప్రతి వాక్యానికీ ఊఁ అనండి, మధ్యమధ్య 'అయ్యో, తర్వాత?' అనండి. మీరు చెబుతున్నప్పుడు వాళ్ల ఊఁ సన్నబడిందంటే నిద్రొస్తోందని అర్థం. ఆగిపోయి కళ్లు మాత్రం అటూ ఇటూ తిరుగుతుంటే కథ సాగదీస్తున్నారని అర్థం. రెండు మెట్లు కలిపేసి చీమ దగ్గరకు వచ్చేయండి.

4. ఒడియా చీమను కూడా పిలవండి

సరిహద్దులో ఉన్న మనకు దొరికిన అసలు భాగ్యం ఇది. ఒడియా ఇళ్లలో కథ ఏదైనా సరే, అయిపోగానే పిల్లలంతా కలిసి ఒక పాట పాడతారు. 'మో కొథాటి సొరిలా, ఫులొ గొఛొటి మొలా' అని మొదలవుతుంది. నా కథ అయిపోయింది, పూలచెట్టు చచ్చిపోయింది అని. అక్కణ్నుంచి ప్రశ్నలు: పూలచెట్టా, ఎందుకు చచ్చావు? నల్లావు తినేసింది. ఆవూ, ఎందుకు తిన్నావు? గొల్లవాడు కాయలేదు. ఎందుకు కాయలేదు? పెద్దకోడలు అన్నం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? పిల్లాడు ఏడ్చాడు. ఎందుకు ఏడ్చావు? చీమ కుట్టింది. చీమా, ఎందుకు కుట్టావు? మట్టి కింద ఉంటాను, మెత్తటి మాంసం దొరికితే చటుక్కున కుట్టేస్తాను.

పక్కపక్కన పెట్టి చూడండి. ఆవు దగ్గర్నుంచి చీమ దాకా అయిదు మెట్లూ రెండింట్లోనూ అవే. మన అవ్వ స్థానంలో అక్కడ పెద్దకోడలు. తేడా ఆవు దగ్గర ఉంది: మన ఆవు తప్పు మెయ్యకపోవడం, వాళ్ల ఆవు తప్పు మేసేయడం. మన చీమకు బంగారు పుట్ట ఉంది, దాని మీద హక్కు ఉంది, కోపం ఉంది. వాళ్ల చీమ ఏ సాకూ చెప్పదు, దొరికితే కుడతానంటుంది. మనకు అది కథ, వాళ్లకు ఏ కథకైనా ముగింపు.

దీన్ని ఎలా వాడాలంటే, నాలుగో రాత్రి దాటాక, కథ పిల్లల నోటికి వచ్చాక, 'మీ బళ్లో కథ అయ్యాక ఏం పాడతారు?' అని అడగండి. పాడనివ్వండి. తర్వాత 'మన ఆవుకూ ఆ ఆవుకూ తేడా ఏంటి?' అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి. అయిదేళ్లు దాటినవాళ్లు కాసేపు ఆలోచించి పట్టేస్తారు, పట్టుకున్నాక మరునాడు బడిలో ఒడియా స్నేహితులకు ఏడు చేపల కథ చెప్పకుండా ఉండలేరు. కథ మొదటిసారి చెబుతున్నప్పుడే ఈ పోలిక తేవద్దు. తెలుగు గొలుసు ఇంకా గట్టిపడకముందే బడిలో నేర్చింది వచ్చి దాన్ని కప్పేస్తుంది.

పిల్లలు కలిపేసి మాట్లాడతారు. 'చేప సుఖిలా నాహీ' అంటారు. తప్పు అనకండి, 'ఎండలేదు అనాలి' అని కూడా అనకండి. 'అవునవును, ఎండలేదు! ఎందుకు ఎండలేదు?' అని సరైన మాటను మీ జవాబులోనే కలిపి తిరిగి ఇచ్చేయండి. దిద్దితే నోరు మూసుకుంటారు. ఇలా తిరిగి ఇస్తే వాళ్లకు తెలియకుండానే తీసుకుంటారు.

5. కథను చెడగొట్టేవి

అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది చివర్లో నీతి. 'చూశావా, అందుకే చీమల పుట్టలో వేలు పెట్టకూడదు' అన్నారంటే పొద్దుటి ఆజ్ఞల్లో ఇంకొకటి చేరింది. కథలో ఎవరిది తప్పు? అవ్వదా, పిల్లాడిదా, చీమదా, గడ్డికుప్పను అక్కడ వేసినవాడిదా? ఈ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. అందుకే ఈ కథ ఇన్ని తరాలు నిలిచింది. ఆ ప్రశ్నను వాళ్ల దగ్గరే ఉంచండి.

కథ కొత్తగా ఉండాలని రోజూ మార్చేయడం, బొమ్మల వీడియో పెట్టి 'ఇది కూడా కథే కదా' అనుకోవడం రెండూ పనికిరావు. వీడియో ఊఁ వినదు, ఆగదు. మీ గొంతే వాళ్లకు కావాలి, అది మంచి గొంతు కానక్కర్లేదు.

6. ఎదిగిన పిల్లలకు

ఏడేళ్లు దాటాక గొలుసు కథలు విసుగనిపిస్తాయి. పేదరాశి పెద్దమ్మ వచ్చే కథలు అప్పుడు తెరవండి. వీటి కట్టడం మూడు: ఒకడికి ఏదో కావాలి, మూడు అడ్డంకులు వస్తాయి, మొదటి రెండింట్లో ఓడిపోయి మూడో దాంట్లో తెలివి చూపిస్తాడు. రెండో అడ్డంకి మొదటిదాని కన్నా కష్టంగా ఉండాలి, లేకపోతే మూడోది వచ్చేసరికి ఎవరూ వినరు. పావుగంట మించకూడదు.

పదేళ్లు దాటినవాళ్లకు ఊరి కథ కావాలి, అదీ చోటు చూపిస్తూ. మహేంద్రగిరి దగ్గర్లో ఉన్నవాళ్ల అదృష్టం చెప్పలేం. ఆ కొండ మీద కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో గుళ్లున్నాయి. పరశురాముడు తపస్సు చేసింది ఈ కొండ మీదే అంటారు. పిల్లల్ని తీసుకెళ్లే ముందు రాత్రి కథ సగం చెప్పి, మిగతా సగం కొండ మీద చెప్పండి.

వీధిలో పది పన్నెండు మంది పిల్లలు పోగైతే అర్ధచంద్రంలా కూర్చోబెట్టండి, పెద్దవాళ్లు వెనుక. ముందు 'చిటారు కొమ్మన మిఠాయి పొట్లం' లాంటి పొడుపు కథ ఒకటి వేసి తేనెపట్టు అని చెప్పించండి. అది నోళ్లు తెరిపిస్తుంది. తర్వాత ఒక గొలుసు కథ, ఒక పెద్ద కథ. మొత్తం ఇరవై నిమిషాలకు ముగించండి. ఒడియా పిల్లలు ఉంటే ఇంకా మంచిది, చీమ మాట వాళ్ల చేత వాళ్ల భాషలోనే అనిపించండి.

7. ఇంట్లో పెద్దల కథలు రాబట్టడం

మీ నాన్నమ్మో, తాతయ్యో ఇంకా కథలు చెప్పగలిగితే ఈ పని వాయిదా వేయకండి. 'నీ చిన్నప్పటి సంగతులు చెప్పు' అంటే 'ఏటున్నాయి సెప్పడానికి' అనేస్తారు. వస్తువు మీద అడగాలి. నౌపడా నుంచి 1900లో పర్లాకిమిడికి వచ్చి 1931 నాటికి గుణుపూర్ దాకా సాగిన చిన్న రైలు పెద్దలు చాలామంది ఎక్కినదే. 'రైల్లో నీ చేతిలో ఏముండేది? కిటికీ పక్కన ఎవరు కూర్చునేవారు? దిగాక ముందు ఏం తిన్నావు?' అని అడగండి. మూడో ప్రశ్నకు కథ దానంతటదే మొదలవుతుంది. అలాగే 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి పట్నమూ జమీందారీలో కొంత భాగమూ ఒడిశాలోకి వెళ్లి, మిగిలిన ఊళ్లు మద్రాసు వైపు ఉండిపోయాయి. ఇటు మనం, అటు ఆంధ్రలోని పాతపట్నంలో చుట్టాలు. పెద్దలు తమ అమ్మానాన్నల నోట ఆ రోజుల గురించి ఏం విన్నారో అడగండి. తేదీలు అడగవద్దు. ఎవరి పెళ్లి ఎక్కడ జరిగింది, పొలం కాగితాలు ఏ భాషలో వచ్చేవి, ఇవి అడగండి.

ఫోనులో రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపండి. ఎక్కువ రికార్డింగులు పాడయ్యేది ఫ్యాను మోత వల్లే. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వాళ్ల మొహానికి ఒక జానెడు రెండు జానల దూరంలో మెత్తటి గుడ్డ మీద ఉంచండి. చేత్తో పట్టుకుంటే గరగర వస్తుంది. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. పక్కన ఒక పిల్లనో పిల్లాడినో తప్పకుండా కూర్చోబెట్టండి. పెద్దవాళ్లు మీకు చెప్పేటప్పుడు సారాంశం చెప్పేస్తారు, పిల్లలకు చెప్పేటప్పుడు కథ చెబుతారు. పావుగంట దాటితే ఆపి మంచినీళ్లివ్వండి, మిగతాది రేపు.

తర్వాత రాసుకునేటప్పుడు వాళ్లు 'సెప్పినాడు' అంటే 'సెప్పినాడు' అనే రాయండి. ఇదే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు రామమూర్తి సవర భాషను సవరల నోటి నుంచి నేర్చుకున్నారు. ఆ భాషకు 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. తెలుగులో వాడుక భాష కోసం పట్టుబట్టిన మనిషి కూడా ఆయనే. జనం ఎలా మాట్లాడితే అలా రాయడం ఈ ఊరికి కొత్త కాదు, మీ నాన్నమ్మ మాటను దిద్దడానికి మనకు హక్కూ లేదు.

ప్రతి ఫైలు పేరులోనూ నాలుగు సంగతులు ఉండాలి: చెప్పినవారి పేరు, వాళ్లు పుట్టిన ఊరు, తేదీ, కథ పేరు. ఫోనులో ఒక నకలు, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇటు ఒడిశాలోనో అటు శ్రీకాకుళంలోనో ఉన్న దగ్గరి చుట్టాల దగ్గర ఇంకొకటి. కథ పేరు తెలియకపోతే అందులో మొదట వచ్చే మనిషి పేరు పెట్టండి, తర్వాత వెతకడానికి అదే తేలిక.